గ్రాంటు మన హక్కు, లెక్క మన అమానతు

(బేగంబజార్‌లో పాఠశాలల నిర్వాహకులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ బేగంబజార్, రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలసిందని, అందుకే దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇత్తడి పాత్రల దుకాణమైనా, మసాలా దినుసుల కొట్టయినా, ఎండు ఫలాల గోదామైనా, షట్టరు దించే ముందు ఇక్కడ ఒక పని తప్పక జరుగుతుంది. ఆ రోజు జమ, ఖర్చు, నిల్వ లెక్కకెక్కుతాయి. పైసల్లో తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి కూడుతారు. ఇదే బజారులో బస్తాలు మోసే హమాలీ బిడ్డ చదివే పాఠశాలకు ఈ ఏడాది ఎంత గ్రాంటు వచ్చింది, అది దేనికి ఖర్చయింది అని అడిగితే చెప్పగలవారు మనలో ఎందరున్నారు? ఈ ప్రశ్నతోనే మా మాట ప్రారంభిస్తున్నాము.

మేము కొన్నేళ్లుగా పాఠశాలల తరఫున, విద్యార్థుల తరఫున దరఖాస్తులు నింపుతూ కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నవాళ్లం. ఆ తిరుగుడులో మాకు తెలిసివచ్చిన విషయాలను మీ ముందుంచుతాము.

మొదట హక్కు సంగతి. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు తమకిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కునిచ్చిందని మనందరికీ తెలుసు. ఆ అధికరణంలోని రెండవ భాగాన్ని మాత్రం మనం తరచుగా మరచిపోతాము. ఒక విద్యాసంస్థ మైనారిటీల యాజమాన్యంలో ఉన్నదన్న కారణంతో సహాయం ఇవ్వడంలో ప్రభుత్వం దానిపట్ల వివక్ష చూపరాదని ఆ భాగం చెబుతోంది. కనుక గ్రాంటు అడిగేవారు తలవంచుకొని అడగవలసిన అవసరం లేదు. మనం కట్టే పన్నుల్లోంచి మన పిల్లలకు రావలసిన వాటాను అడుగుతున్నాము.

సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక ముస్లిముల విద్యా స్థితిని దేశం ముందుంచింది. అదే ఏడాది ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం వచ్చింది. 2008లో మైనారిటీ విద్యార్థులకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. అందులో 30 శాతం బాలికలకు కేటాయించారు. ప్రైవేటు మైనారిటీ పాఠశాలల్లో తరగతి గదులు, ప్రయోగశాలలు, మరుగుదొడ్లు నిర్మించుకోవడానికి ఖర్చులో 75 శాతం వరకు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల వరకు ఇచ్చే మరొక కేంద్ర పథకం కూడా ఉండేది. ఎన్ని పాఠశాలలు దరఖాస్తు చేయగలిగే అర్హత ఉండి కూడా చేయలేదో తలచుకుంటే బాధ కలుగుతుంది. సొసైటీ రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోలేదు, ఆడిట్ చేయించలేదు, పాఠశాల గుర్తింపు గడువు ముగిసింది. తలుపు తెరిచి ఉన్నంతకాలం మనం గడప దగ్గరే నిలబడిపోయాము.

ఆ తలుపులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. మౌలిక వసతుల పథకానికి అనుమతి 2022 మార్చితో ముగిసింది. 2022 నవంబరులో, 1 నుంచి 8వ తరగతి వరకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇక ఉండదని కేంద్రం ప్రకటించింది. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి వరకు చదువు ఉచితమే కదా అన్నది చెప్పిన కారణం. అప్పటికే దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాలకు ఆ మాట ఎంత చేదుగా తగిలిందో మేము చూశాము. చదువు ఉచితమైనా చెప్పులు, నోటు పుస్తకాలు, ఆటో కిరాయి ఉచితం కావు. అదే ఏడాది డిసెంబరులో పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపివేశారు. 2024 ఫిబ్రవరిలో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని ఆదేశించారు. వీటిని పునరుద్ధరించాలని మనం గొంతెత్తి అడగాలి, అడుగుతూనే ఉండాలి.

అయితే, సోదరులారా, అడిగే నోరు శుభ్రంగా ఉండాలి. 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వశాఖ స్కాలర్‌షిప్పులు పొందుతున్న 1,572 సంస్థలను పరిశీలింపజేస్తే, అందులో 830 సంస్థల్లో మోసం జరిగినట్లు తేలిందని ప్రకటించింది. 2017-18 నుంచి 2021-22 వరకు 144 కోట్ల 83 లక్షల రూపాయల నష్టం జరిగిందని లెక్కగట్టి, కేసును సీబీఐకి అప్పగించింది. లేని పాఠశాలల పేరుతో, లేని విద్యార్థుల పేరుతో సొమ్ము కాజేశారన్నది అభియోగం. దోషులెవరో న్యాయస్థానం తేల్చుతుంది. కానీ ఆ పేదబిడ్డల సొమ్ము తిన్నవారు ఎవరైనా సరే, వారివల్ల దెబ్బతిన్నది మనమే. నేడు పథకాల పునరుద్ధరణ అడిగితే ఎదుటివారు ముందుగా చూపేది ఈ అంకెలనే. నిజమైన విద్యార్థి మీద తనిఖీల బరువు పడింది. దొంగ పేరు వ్రాసినవాడు ఎక్కడో సుఖంగా ఉన్నాడు. కనుక లెక్క పెట్టడం ఆఫీసు పని అని, అది గుమాస్తా చూసుకుంటాడని ఇకమీదట మనం అనుకోరాదు. హక్కును కాపాడే పని అది.

ఇప్పుడు ఆచరణలోకి వద్దాము. ప్రభుత్వ పాఠశాలలతో మొదలుపెడతాము. మన పిల్లలు ఎందరో చదివేది అక్కడే. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో నడిపే సమగ్ర శిక్ష కింద ప్రతి ప్రభుత్వ పాఠశాలకు విద్యార్థుల సంఖ్యను బట్టి ఏటా మిశ్రమ గ్రాంటు నిర్ణయమవుతుంది. 31 నుంచి 100 మంది వరకు ఉంటే 25,000 రూపాయలు. 101 నుంచి 250 మంది వరకు 50,000. 251 నుంచి 1,000 వరకు 75,000. వెయ్యి దాటితే లక్ష. ఈ సంఖ్యను తీసుకునేది యూడైస్ అనే జాతీయ పాఠశాల సమాచార పట్టికనుంచి. ఒక ఉర్దూ మాధ్యమ పాఠశాలలో 104 మంది ఉన్నారనుకోండి. ఆరుగురి వివరాలు కుదరక 98 మందే నమోదైతే, పాఠశాల సగం గ్రాంటు కోల్పోతుంది. ఆరు పేర్ల ఖరీదు 25,000 రూపాయలు!

ఆ ఆరు పేర్లు ఎందుకు కుదరవో మీకు చెప్పనక్కర లేదు. బడి రిజిస్టరులో 'మహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ', బ్యాంకు పుస్తకంలో 'మొహమ్మద్'. తల్లి పేరు ఒకచోట 'బేగం', మరొకచోట 'బీ'. కంప్యూటరుకు ఇవి ముగ్గురు మనుషులు. తొమ్మిదో తరగతి చదివే ఒక బాలిక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఈ ఒక్క కారణంతో రెండేళ్లు వరుసగా తిరిగివచ్చింది. ఆమె తండ్రి తోపుడు బండి నడుపుతాడు. మూడోసారి దరఖాస్తు పెట్టడానికి ఆయనకు ఓపిక మిగలలేదు. బిడ్డను బడిలో చేర్చిన రోజే పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఏ ఇంట్లో అయినా చదవగలిగిన అన్నయ్యో అక్కయ్యో ఉంటే ఆ పని వారికి అప్పగించండి.

విద్యార్థుల విషయంలో మరొక మాట. మైనారిటీ పథకాలు తగ్గాయని ఉన్నవాటిని కూడా వదులుకోరాదు. ఎనిమిదో తరగతిలో వ్రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష అన్ని వర్గాల పిల్లలకూ ఉన్నది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల పాఠశాలల్లో చదువుతూ, కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించనివారు అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పిల్లవాణ్ణి దుకాణంలో పనికి పెట్టాలా అని తండ్రి ఆలోచించే వయసు సరిగ్గా అదే. మన ఉపాధ్యాయులు ఏడో తరగతినుంచే పిల్లలను దీనికి సిద్ధం చేయాలని కోరుతున్నాము.

ఇక నిర్వహణ. దరఖాస్తు ఒకనాటి పని. నిర్వహణ సంవత్సరమంతా సాగే పని. గ్రాంటు సొమ్ము ఇదివరకటిలా పాఠశాల ఖాతాలో పడి నిల్వ ఉండే పద్ధతి 2021 తర్వాత మారింది. ఇప్పుడు పాఠశాలకు ఖర్చు పరిమితిని మంజూరు చేస్తారు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా వాడుకోకపోతే అది చేజారిపోతుంది. అందువల్ల మార్చి నెలాఖరులో హడావిడిగా అక్కరకు రాని వస్తువులు కొనే అలవాటు పుడుతుంది. అలా జరగకుండా ఉండాలంటే జూన్‌లోనే పాఠశాల అవసరాల జాబితా సిద్ధంగా ఉండాలి. మిశ్రమ గ్రాంటులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలని నిబంధన. 50,000లో అది 5,000 రూపాయలు. బాలికల మరుగుదొడ్డికి తలుపు గడియ, నీళ్లు, సబ్బు అందులోనుంచి రావలసినవే.

సొసైటీగానో ట్రస్టుగానో నేరుగా కేంద్ర గ్రాంటు పొందే సంస్థలకు బాధ్యత ఇంకా ఎక్కువ. గ్రాంటుకు వేరే ఖాతా, వేరే చిట్టా ఉంచండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి ఖర్చుకు రసీదు, కొన్న ప్రతి వస్తువుకు స్టాకు రిజిస్టరులో పద్దు ఉండాలి. ఒక పనికి వచ్చిన డబ్బును మరొక పనికి, అది ఎంత మంచి పనైనా సరే, మళ్లించరాదు. ఆ సొమ్ము మీద వచ్చిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే. దానిని లెక్కలో చూపి తిరిగి కట్టాలి. గ్రాంటుతో కొన్న ఆస్తిని అనుమతి లేకుండా అమ్మరాదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. అది అందకపోతే తరువాతి విడత ఆగిపోతుంది.

మాకు తెలిసిన ఒక పాఠశాలలో అదే జరిగింది. సొమ్ము తినలేదు, గది కట్టారు, పిల్లలు అందులో కూర్చుంటున్నారు. కానీ ఇసుక, సిమెంటు కొన్న రసీదులు కార్యదర్శిగారి ఇంట్లో ఒక సంచిలో ఉండిపోయాయి. ఆయన మంచాన పడ్డారు. ధ్రువపత్రం వెళ్లలేదు, రెండో విడత రాలేదు. పైకప్పు లేని రెండో గది గోడలు ఎన్నో వానలకు తడిశాయి. నిజాయితీ ఉండీ కాగితం లేకపోతే ఫలితం ఇలా ఉంటుంది. ఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయత్ ఏ విషయం గురించినదో మీకు తెలుసు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసి పెట్టుకోమని, సాక్షులను నిలుపుకోమని, చిన్న మొత్తమైనా వ్రాయడానికి విసుగు చెందవద్దని అల్ బఖరా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఇద్దరి మధ్య అప్పుకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, వందల మంది పిల్లల సొమ్ముకు ఎంత జాగ్రత్త కోరుతుంది!

కొందరు పెద్దలు ఒక సందేహం వెలిబుచ్చుతారు. సర్కారు సొమ్ము వెంట సర్కారు పెత్తనం వస్తుందని, దీనీ తాలీముకు అడ్డు తగులుతుందని వారి భయం. ఈ భయాన్ని మేము తేలికగా తీసుకోము. రాజ్యాంగం ఈ విషయంలో గీత గీసింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ ఉండరాదు. సహాయం మాత్రమే పొందే సంస్థలో ఉండవచ్చు. అయితే విద్యార్థి, మైనరైతే సంరక్షకుడు, అంగీకరించకుండా బలవంతపెట్టరాదు. అలాగే సహాయం పొందే సంస్థ మతం, కులం, భాష మాత్రమే కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదు. ఈ షరతులు తెలిసి, మష్వరా చేసుకొని, తీసుకోవాలో వద్దో నిర్ణయించుకోండి. వద్దనుకున్న సంస్థను మేము తప్పుపట్టము. కానీ జకాత్, చందాలతో నడిచే సంస్థ కూడా తన లెక్కను ఇచ్చినవారి ముందు పెట్టవలసిందే. ప్రభుత్వం అడగదు గనుక జవాబు లేదనుకోవడం మన ధర్మంలో లేదు.

లెక్క ఎవరి ముందు పెట్టాలి? విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలన్నది. గ్రాంటుల వినియోగాన్ని గమనించే బాధ్యత ఆ కమిటీకి ఇచ్చింది. ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం నిర్బంధించకపోయినా మనంతట మనం ఆ పని చేస్తే ఎవరు వద్దంటారు? ఏ పాఠశాలకైనా వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి, ఎంత మిగిలింది అన్న మూడు పద్దులను ఉర్దూలోను, తెలుగులోను గోడమీద వ్రాయించండి. తల్లులు వచ్చి చదువుతారు. చదవలేనివారికి పిల్లలు చదివి వినిపిస్తారు. ప్రభుత్వ పాఠశాలలో చెప్పడానికి నిరాకరిస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడిగే వీలున్నది.

చివరగా రెండు కోరికలు. ప్రభుత్వాన్ని కోరేది: మోసగాళ్లను శిక్షించండి, వారి పేరుతో పేదబిడ్డల పథకాలను శిక్షించకండి, ఒకటో తరగతినుంచి స్కాలర్‌షిప్పును, మైనారిటీ పాఠశాలల వసతుల పథకాన్ని తిరిగి తెండి. మనల్ని మనం కోరుకునేది: ఈ వారమే మన వీధిలోని ఒక్క పాఠశాలకు వెళ్లి, ఎంతమంది పిల్లలు బడిలో ఉన్నారో, ఎంతమంది పట్టికలో ఉన్నారో సరిచూద్దాము. ఆ రెండు అంకెలు కలిసేదాకా వదలవద్దు. ఈ సభ ముగిశాక బయటికి వెళ్తుంటే దుకాణాల్లో లెక్కలు కడుతూ కనిపిస్తారు. వారి దగ్గర ఉన్న ఆ శ్రద్ధే మన బడికి కూడా కావాలి.

మన బిడ్డల అమానతును కాపాడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.