దేవరియా తాల్: నేను చూశానని చెప్పిన కొండ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ట్రెక్కింగ్ మీద ఇదివరకు చేసిన ఎపిసోడ్‌లో ఒక మాట చెప్పాను, గుర్తుందా? "నాకు పదకొండేళ్లప్పుడు దేవరియా తాల్ నీళ్లలో చౌఖంబా కొండ తలకిందులుగా కనపడింది, ఆ సీన్ ఇప్పటికీ కళ్లముందే ఉంది" అని. చాలా ఫీలయ్యి చెప్పాను కూడా. అది విని మేమూ వెళ్లొచ్చామని మీలో కొందరు మెసేజ్‌లు పెట్టారు. ఆ మాట అబద్ధమండి. కావాలని చెప్పింది కాదు. పదహారేళ్లుగా నేనూ నిజమనే నమ్మాను.

ముందు ఆ చోటు ఎక్కడుందో చెప్తా. ఉత్తరాఖండ్‌లో రుద్రప్రయాగ దగ్గర అలకనందలో మందాకిని కలుస్తుంది. అక్కడి నుంచి మందాకిని పక్కనే కేదార్‌నాథ్ రోడ్డు పట్టుకుని వెళ్తే అగస్త్యముని, తర్వాత కుండ్. కుండ్ దగ్గర కుడివైపు ఎక్కితే ఊఖీమఠ్. చలికాలంలో కేదారేశ్వరుడికి పూజలు జరిగేది ఇక్కడి ఓంకారేశ్వర ఆలయంలోనే. ఇంకాస్త ముందుకెళ్తే సారి అనే చిన్న పల్లె. ఆ పల్లె నుంచి రాళ్లు పరిచిన దారిలో మూడు కిలోమీటర్ల లోపే నడక, సుమారు 400 మీటర్ల ఎత్తు ఎక్కాలి. పైన, 2,438 మీటర్ల ఎత్తులో, చుట్టూ అడవి, మధ్యలో చిన్న సరస్సు. ఎదురుగా 7,138 మీటర్ల చౌఖంబా. నాలుగు శిఖరాలు ఒకే గోడలా ఉంటాయి, అందుకే ఆ పేరు.

పాండవుల్ని యక్షుడు ప్రశ్నలడిగింది ఈ సరస్సు దగ్గరేనని అక్కడివాళ్లు చెప్తారు. పాకిస్తాన్ పంజాబ్‌లో కటాస్‌రాజ్ కొలను గురించీ ఇదే కథ చెప్తారు లెండి. నాకు మాత్రం యక్షప్రశ్న ఇక్కడే ఎదురైంది. అడిగింది మా నాన్న.

మాది తణుకు వైపు. నాన్న సొరంగాల పనిలో సూపర్‌వైజర్. 2008 నుంచి 2010 దాకా కుండ్ దగ్గర మందాకిని మీద కడుతున్న జలవిద్యుత్ ప్రాజెక్టులో పనిచేశారు. మేం నది ఒడ్డున రేకుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. 2009 మే సెలవుల్లో ఒకరోజు అమ్మని, నన్ను దేవరియా తాల్ తీసుకెళ్లారు. మేం 2010లో తిరిగొచ్చేశాం. 2013 జూన్ వరదలో ఆ ఒడ్డు కోసుకుపోయింది. ఈసారి జీపు ఆపించి చూశాం. బండరాళ్లు, ఇసుక, అంతే. నాన్న ఓ రెండు నిమిషాలు చూసి "ఇక్కడే కదరా మన పంపు ఉండేది" అని జీపెక్కేశారు.

మేం వెళ్లింది మొన్న నవంబర్ మొదటి వారంలో. వానలు పోయాక ఆకాశం కడిగినట్టుంటుంది, షూట్‌కి అంతకంటే మంచి టైమ్ లేదు. నా ప్లాన్ సింపుల్. చిన్నప్పటి దారి, చిన్నప్పటి సరస్సు, పక్కన నాన్న. తెల్లవారుజామున ప్రతిబింబం షాట్, మీద నా వాయిస్ ఓవర్. పైన సరస్సు పక్కన టెంట్ వేసుకుందామంటే కుదరదు. బుగ్యాళ్లు, అంటే కొండమీది పచ్చిక మైదానాలు, పాడైపోతున్నాయని 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు వాటిల్లో రాత్రి బస ఆపేసింది. మంచి పనే చేసింది. కాబట్టి సారిలోనే ఒక ఇంట్లో గది తీసుకున్నాం.

రాత్రి రజాయిలో దూరి, ఫోన్ పట్టుకుని నా ఓపెనింగ్ లైన్ ప్రాక్టీస్ చేస్తున్నా. "సరిగ్గా పదహారేళ్ల కింద, ఇదే సరస్సులో ఆ కొండని నేను మొదటిసారి చూసినప్పుడు..."

పక్క మంచం మీంచి నాన్న: "ఎప్పుడు చూశావురా?"

"అదే నాన్నా, మనం వచ్చినప్పుడు. మీరే కదా చూపించారు."

"ఆ రోజు కొండ ఎక్కడ కనపడింది? మొత్తం మబ్బు. వడగళ్లు కూడా పడ్డాయి. నువ్వు కొండేదీ కొండేదీ అని ఒకటే ఏడుపు."

నేను ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లో చేసిన పని అదే కదా, ఎవడైనా బగ్ ఉందంటే ముందు "నా దగ్గర బానే పనిచేస్తోంది" అనడం. వాదించాను. అప్పుడు నాన్న ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. ముందు రోజు ఆయనది నైట్ షిఫ్ట్. పొద్దున్న ఎనిమిదింటికి సొరంగంలోంచి బయటికొచ్చి, స్నానం చేసి, పడుకోకుండానే మమ్మల్ని జీపెక్కించారు. సారికి వచ్చేసరికి పదకొండు దాటింది. సగం దారిలో నేను కాళ్లు నొప్పులని కూర్చుంటే భుజాల మీద ఎక్కించుకున్నారు. పైకి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

ఒంటిగంట అనేసరికి నా కేసు పోయింది. ఎందుకంటే ఈ షాట్ కోసం అప్పటికే నెల రోజులు చదివి ఉన్నాను. కొండల్లో రాత్రంతా చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది. తెల్లారే వేళకి గాలి దాదాపు ఆగిపోతుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. ఎండ వాలు మీద పడ్డాక నేల వేడెక్కి, గాలి లోయలోంచి పైకి లేవడం మొదలవుతుంది. ఇక నీళ్లమీద ముడతలే. మే నెలలో అయితే ఆ గాలే తేమని పైకి మోసుకెళ్లి మధ్యాహ్నానికి మబ్బులు కట్టేస్తుంది, ఉరుములు, వడగళ్లు. అంటే మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి నేను చెప్పిన సీన్ కనపడటం జరగని పని. నాన్న గెలిచారు.

మరి నా కళ్లముందున్న ఆ కొండ ఎక్కడిది? రజాయిలో పడుకుని ఎంత వెతికినా దొరకలేదు.

కాసేపాగి, చీకట్లోనే, నాన్న అన్నారు: "వచ్చే ఆదివారం పొద్దున్నే తీసుకొస్తానన్నాను నీకు. గుర్తుందా? షిఫ్టులు కుదర్లేదు. ఆ తర్వాత నువ్వూ అడగలేదు."

నాకు గుర్తులేదండి. నేను మర్చిపోయింది ఆయన పదహారేళ్లు మోశారు.

తెల్లారి 4:45కి బయల్దేరాం. హెడ్‌ల్యాంపులు, చేతికర్రలు, మాతోపాటు ఆ ఇంటి యజమాని. ఊరు దాటగానే దారిలో శివాలయం వస్తుంది. అక్కడికే నాన్నకి మోకాలు పట్టేసింది. సొరంగాల్లో ముప్పై ఏళ్లు నిలబడ్డ కాళ్లు. గుడి మెట్టుమీద కూర్చుని "నువ్వు పోరా, నీ టైమ్ అయిపోతుంది. నేను ఈయనతో మెల్లగా వస్తా" అన్నారు.

ఇక్కడ నేను ఆగిపోయానని చెప్తే బాగుండేది. ఆగలేదు. వెళ్లిపోయాను. ఒక అబద్ధం సరిచేయడానికి చేస్తున్న ఎపిసోడ్‌లో ఇంకోటి పెట్టలేను. నాకు ఆ షాట్ కావాలి, వెళ్లాను.

6:10కి పైకి చేరాను. ఎవరూ లేరు. చౌఖంబా ముందు బూడిద రంగులో ఉంది, తర్వాత కొసన చిన్న ఎరుపు, అది మెల్లగా కిందికి దిగింది. నీళ్లలో మాత్రం అదే ఎరుపు పైకి ఎక్కుతోంది. ఈ ఎపిసోడ్ మొదట్లో మీరు చూసింది అదే, ఫిల్టర్ ఏమీ లేదు. బాగుంది. నిజంగా చాలా బాగుంది. కానీ అరగంట సేపు ఆ ఫ్రేమ్‌లో కొండని చూస్తూ, చెవులు మాత్రం వెనక దారి మీదే పెట్టాను, కర్ర చప్పుడు వస్తుందేమో అని.

ఏడింపావుకి కెమెరా బ్యాగులో పడేసి కిందికి పరిగెత్తాను. సగం దారిలో ఒక టీ కొట్టు ఉంది. నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని, వచ్చీరాని హిందీలో కొట్టువాడికి సొరంగం ఎలా తవ్వుతారో వివరిస్తున్నారు. నన్ను చూసి "దొరికిందా?" అన్నారు. అంతే.

మిగతా దారి ఇద్దరం కలిసి నడిచాం. ఇరవై అడుగులు, ఆగడం. ఇరవై అడుగులు, ఆగడం. నా గుర్తుల్లో ఈ దారి చాలా పొడుగు, చాలా నిటారు. పొద్దున్న ఒక్కణ్నే ఎక్కినప్పుడు ఇంతేనా అనిపించింది. నాన్నతో ఎక్కుతుంటే మళ్లీ చిన్నప్పటంత పొడుగైంది.

9:20కి చేరాం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నాన్న అలా నిలబడిపోయారు. "ఇదేనా?" అన్నారు. ఆ లోయలో రెండేళ్లకు పైగా పనిచేసి కూడా ఆయన చౌఖంబాని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. తర్వాత నీళ్లవైపు చూశారు. గాలి వచ్చేసింది. సన్నటి అలలు, తెల్లగా ఏదో మెరుస్తోంది, కొండ ఆకారం లేదు. పదిన్నర దాకా కూర్చున్నాం. నీళ్లు నిలవలేదు.

చివరికి ఫోన్ తీసి పొద్దున్న తీసింది చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. రెండుసార్లు చూశారు.

"అచ్చం మన క్యాలెండర్‌లా ఉందిరా."

"ఏ క్యాలెండర్?"

"అదే, సైట్ ఆఫీసులో ఇచ్చారు కదా. క్వార్టర్లో నీ మంచానికి ఎదురుగా ఉండేది. ఏడాది అయిపోయినా బొమ్మ బాగుందని మీ అమ్మ తణుకు కూడా తెచ్చింది."

ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. కింద తేదీల గళ్లు, పాలవాడి లెక్కకి అమ్మ పెట్టిన టిక్కులు, పైన నీళ్లలో తలకిందులుగా కొండ. రోజూ పడుకునే ముందు చూసిన బొమ్మ. దాన్నే ఆ రోజు మీద అతికించేసుకున్నాను. వడగళ్లని, ఏడుపుని, నిద్రలేని నాన్న భుజాల్ని తీసేసి.

పాత ఎపిసోడ్‌లో ఆ భాగం కట్ చేశాను. ఇందులో రెండు క్లిప్పులూ ఉంచాను, 6:25ది, 9:20ది. రెండో దాంట్లో నీళ్లు కదులుతుంటాయి, ముందు మంకీ క్యాప్‌తో వెనక్కి తిరిగి నిలబడ్డాయన మా నాన్న.

దిగేటప్పుడు ఆయన టీ కొట్టు దగ్గర మళ్లీ ఆగారు. కాళ్ల నొప్పి అనుకున్నా. కాదు, కంచరగాడిద తోలే ఆయనతో బేరం. వచ్చే ఏడు అమ్మని తీసుకొస్తారట, తెల్లవారుజామున నాలుగింటికి రెండు కావాలట. రేటు కూడా మాట్లాడేశారు. నాకు చెప్పలేదు.