ఎం.బి.బి.ఎస్. అయ్యాక మన పిల్లలు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. డాక్టర్ల పై చదువు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "సాబ్, ఈ మాట ఎవరైనా డాక్టరు చేత చెప్పించండి" అన్నాం. "డాక్టర్లు చెబితే డాక్టర్లకే అర్థమవుతుంది మాస్టర్ సాబ్. మన తల్లిదండ్రులకు అర్థమయ్యేట్టు మీరు చెప్పండి" అన్నారు. ఆ మాటకు లొంగిపోయాం. మా తెలుగు పుస్తకాల్లోంచి కొంత, బజారులోంచి ఎక్కువ నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించాలి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట మా బడిలో చదివిన అబ్బాయి ఒకడు ఎం.బి.బి.ఎస్. పూర్తి చేశాడు. తండ్రిది సైకిల్ రిపేరు దుకాణం. ఆయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, బేటా ఇంకా ఒక సంవత్సరం ఇంట్లో కూర్చుని చదువుతానంటున్నాడు. డాక్టరు అయిపోయాడు కదా, ఇంకేం చదువు?" అని అడిగాడు. మేము పెద్దగా ఆలోచించలేదు. "అయిదున్నరేళ్ళు చదివాడు, చాలదా? ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నాయి, ముందు సంపాదన చూడమనండి" అన్నాం. తండ్రి ఆ మాటే ఇంటికి తీసుకెళ్ళాడు. మాస్టరు చెప్పిన తర్వాత ఇక ఎదురేముంది! అబ్బాయి ఒక నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ డాక్టరుగా చేరాడు.

నిరుడు మా అత్తగారికి ఆయాసం వస్తే అర్ధరాత్రి అక్కడికే తీసుకెళ్ళాం. అతనే వచ్చాడు. సలాం చేసి, చక్కగా చూసి, ఆక్సిజన్ పెట్టించాడు. చెయ్యి మంచిది, మాట మంచిది. కానీ "మిగతాది పెద్ద డాక్టరుగారు ఉదయం వచ్చి చెబుతారు సార్" అన్నాడు. ఆ పెద్ద డాక్టరుగారు వచ్చారు; వయసులో ఇతనికంటే ఒక సంవత్సరం చిన్న. ఎం.డి. చేసినవాడు. మా అబ్బాయి మమ్మల్ని ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధగా ఉన్నది.

అప్పటినుంచి ఈ చదువు సంగతి తెలిసిన వాళ్ళను అడిగి తెలుసుకున్నాం. అది మీ ముందు పెడుతున్నాం.

ఎం.బి.బి.ఎస్. అంటే నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం హౌస్ సర్జన్సీ. దీనితో ప్రాక్టీసు చేసుకోవచ్చు. గల్లీలో జ్వరానికీ, బి.పి.కీ చూసే డాక్టరును మేము తక్కువ చేయడం లేదు. మన పేటలు బ్రతుకుతున్నది వాళ్ళ చలవతోనే. అయితే గుండె, ఎముకలు, కాన్పులు, పిల్లల జబ్బులు, మత్తు ఇవ్వడం, ఇలా ఒక విభాగంలో నిపుణులు కావాలంటే మూడేళ్ళ ఎం.డి. గానీ ఎం.ఎస్. గానీ చేయాలి. దాని మీద డి.ఎం., ఎం.సి.హెచ్. ఇంకో మూడేళ్ళు. మెడికల్ కాలేజీల్లోనే కాక పెద్ద ఆసుపత్రుల్లో డి.ఎన్.బి. అని మరొక దారి గలదు. అది జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పట్టా. ఆ బోర్డు 1975లో మొదలై 1982లో స్వతంత్ర సంస్థ అయింది. "డి.ఎన్.బి. అంటే ప్రైవేటు చదువట" అని పెళ్ళిసంబంధాల దగ్గర ముఖం చిట్లించేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మన పేటల్లో పాత బోర్డుల మీద కనిపించే డి.సి.హెచ్., డి.జి.ఓ. వంటి రెండేళ్ళ డిప్లొమా సీట్లు కాలేజీల్లో చాలావరకు డిగ్రీ సీట్లుగా మారిపోయాయి. 2020 నుంచి జాతీయ బోర్డు మాత్రం తన రెండేళ్ళ డిప్లొమాలు పెట్టింది.

ఎం.డి., ఎం.ఎస్., డి.ఎన్.బి., డిప్లొమాలకు గుమ్మం ఒక్కటే, నీట్ పి.జి. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. 2024 నుంచి పేపరును అయిదు భాగాలు చేసి ఒక్కొక్క దానికి 42 నిమిషాలు కట్టారు. ఒక భాగం సమయం అయిపోతే మళ్ళీ వెనక్కి పోవడానికి లేదు. ఎయిమ్స్, జిప్మర్, చండీగఢ్ పి.జి.ఐ., బెంగుళూరు నిమ్హాన్స్ వంటి సంస్థలకు ఇది కాదు, వాటికి ఐ.ఎన్.ఐ. సెట్ అని వేరే పరీక్ష, ఏడాదికి రెండుసార్లు. హౌస్ సర్జన్సీలో రాత్రింబవళ్ళు వార్డులో నిలబడే పిల్లవాడు దీనికి పూర్తిగా తయారవడం కష్టం. అందుకే చాలామంది ఒక సంవత్సరం కూర్చుని చదువుతారు. మనం ఇంట్లో "ఖాళీగా ఉన్నాడు" అంటున్నది ఆ సంవత్సరాన్నే.

ఒక చిన్న విషయం చాలామందికి దెబ్బ కొడుతున్నది. హౌస్ సర్జన్సీ ఏ తేదీలోపు పూర్తి కావాలో పరీక్ష ప్రకటనలో ఉంటుంది. ఒక సబ్జెక్టు తప్పి, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు ఆ తేదీ దాటితే ఆ ఏడు కూర్చోలేరు. ఆ తేదీ పిల్లలకు తెలిసే ఉంటుంది, ఇంట్లోవాళ్ళకు తెలియదు. తెలియక పెళ్ళి ముహూర్తాలు, ఇంటి పనులు అన్నీ అదే రోజుల్లో పెట్టుకుంటాం.

ఇక సీట్లు. ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం అఖిల భారత కోటాకు పోతాయి, తక్కిన సగం రాష్ట్రం నింపుతుంది. తెలంగాణలో ఆ పని వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తాయి. 2007 చట్టం వల్ల మనలో కొన్ని వర్గాలకు వచ్చిన బి.సి.-ఇ నాలుగు శాతం రాష్ట్రపు సీట్లకు సంబంధించినది. కేంద్రపు ఓ.బి.సి. జాబితా వేరు. ఇది తెలియక ఒకే కాగితం పట్టుకుని రెండు చోట్లా తిరిగి భంగపడ్డవాళ్ళున్నారు. పైగా, పి.జి. సీట్లను నివాసం ఆధారంగా కేటాయించరాదని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న తీర్పు ఇచ్చింది. కాబట్టి ఫలానా వాళ్ళబ్బాయికి అప్పుడిలా వచ్చిందట అనే కబుర్లు నమ్మకుండా ఆ సంవత్సరపు ప్రకటననే చదవాలి.

ఏ విభాగం తీసుకోవాలన్నది మరో తగాదా. రేడియాలజీ, చర్మవ్యాధులు అందరికీ కావాలి. రాత్రిపూట తలుపు తట్టేవాళ్ళు తక్కువ. అనస్తీషియా వస్తే "మత్తు డాక్టరా?" అని పెద్దలు పెదవి విరుస్తారు. అయ్యా, మన హైదరాబాదులో 1846లో పెట్టిన మెడికల్ స్కూలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. అక్కడ చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోనే తొలి మహిళా అనస్తీషియా వైద్యులలో ఒకరు. ఆ రోజుల్లో ఆమె ఇక్కడితో ఆగక ఎడిన్‌బరో వెళ్ళి పై చదువు కూడా చదువుకున్నారు. ఆ కాలేజీలో ఒకప్పుడు వైద్యం ఉర్దూలో చెప్పేవారని మా పిల్లలతో చెప్పినప్పుడల్లా వాళ్ళ వెన్ను కాస్త నిటారు అవుతుంది. ఉర్దూ మీడియం వాడికి పై చదువు రాదు అనేవాళ్ళకు మా జవాబు అదే.

ఆడపిల్లల సంగతి చెప్పకుండా దిగితే మా ఇంట్లోనే మమ్మల్ని రానివ్వరు. అమ్మాయి హౌస్ సర్జన్సీలో ఉండగానే సంబంధం కుదురుస్తాం. "నికాహ్ తర్వాత చదువుకుంటుంది" అంటారు. అనడం సులభం. పి.జి. అంటే రాత్రి డ్యూటీలు, హాస్టలు, థీసిస్ వ్రాయడం, మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని. ఈ మాటలు పేరుపేరునా చెప్పి, అబ్బాయి తల్లి ముందర ఒప్పించాకే తారీఖు పెట్టండి. ప్రసూతి సెలవు నిబంధనల్లోనే ఉన్నది, చదువు ఆగిపోదు. చేరి మధ్యలో మానేస్తే మాత్రం బాండు ప్రకారం లక్షల్లో కట్టవలసి రావచ్చు. అది కూడా ముందే లెక్కలో ఉండాలి.

ఇప్పుడు డబ్బు. ప్రభుత్వ సీటు వస్తే మూడేళ్ళూ నెలనెలా స్టైపెండు వస్తుంది, ఇంటికి భారం కాదు. కష్టమంతా ముందరే. అఖిల భారత కోటాలో పేరు నమోదుకు జనరల్ వాళ్ళకు 25,000 రూపాయల డిపాజిట్, డీమ్డ్ కాలేజీలు కావాలంటే 2 లక్షలు. అది తిరిగి వచ్చే డబ్బే. కానీ ఆ వారంలో చేతిలో లేకపోతే ర్యాంకు ఉండీ వరుసలోనే నిలబడలేరు. రెండో విడతలో వచ్చిన సీటు వద్దనుకుంటే డిపాజిట్ పోతుంది. అందుకని కాలేజీల వరుస నింపే రోజు ఇంట్లో తెలిసినవాళ్ళు ఒకరు పక్కన కూర్చోవాలి.

మన సంఘం ఏం చేస్తున్నది? ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చిన పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తాం, పాసైతే శాలువా కప్పి ఫోటో తీస్తాం. ఆ ఫోటో ఈ సంచికలోనూ ఉన్నది, మేము కూడా అందులో నిలబడి ఉన్నాం. ఆ మరుసటి రోజు నుంచి అతను ఎవరో మనమెవరో. కమిటీవారిని మేము అడుగుతున్నది ఇది: శాలువా ఖర్చు తగ్గించండి. పి.జి.కి చదివే ఆ ఒక్క సంవత్సరానికీ, ఆ డిపాజిట్లకూ కర్జె హసనా పద్ధతిలో ఒక నిధి పెట్టండి. వడ్డీ లేదు, స్టైపెండు మొదలయ్యాక తిరిగి కడతారు. ఎగ్గొడతారేమోనని ఒక పెద్దాయన అనుమానపడ్డారు. ఎగ్గొట్టేవాడు ఎక్కడైనా ఎగ్గొడతాడు భాయ్ సాబ్, మనం ఇచ్చి చూడలేదు గదా.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాం. మీ ఇంట్లో హౌస్ సర్జన్సీ చేస్తున్న పిల్లలుంటే వారి పేరు, అది ముగిసే తేదీ వ్రాసి వెళ్ళండి. ఎప్పుడో చదువు ముగించి ఆగిపోయినవాళ్ళు కూడా వ్రాయవచ్చు, ఈ పరీక్షకు వయసు పరిమితి లేదు. మొదటి పేరు మేమే వ్రాశాం. సైకిల్ దుకాణం వారి అబ్బాయిది. నిన్న రాత్రి డ్యూటీలో ఉండగా ఫోను చేసి అడిగితే, కాసేపు మాట్లాడకుండా ఉండి, "వ్రాయండి సార్" అన్నాడు.