పొరల పదార్థములు – నిరోధము లేని విద్యుత్తు



వికారాబాదు ప్రాంతమున తాండూరు నాపరాతిని ఎఱుఁగనివారు లేరు. గనిలో తగినచోట నులి తగిలినంతనే ఆ రాయి బండలు బండలుగా విడివడును. ఒక్కొక్క బండలో పట్టు హెచ్చు; బండకును బండకును నడుమ అది తక్కువ. ఇట్లే, కంటికిఁ గానరానంత సన్నని పొరలతో నేర్పడిన పదార్థములు కొన్ని కలవు. నాపరాతిగుండ విద్యుత్తు పాఱదు; వీనిగుండఁ బాఱును. అది పాఱు తీరు మిక్కిలి వింతయైనది. దానినే నేఁడు మీకు మనవి చేయుచున్నాను.

పొలములలోని మోటారులకు విద్యుత్తును గొనివచ్చు తీఁగె వేఁడెక్కుట మీ రెఱుఁగుదురు. తీఁగెలోని ఎలక్ట్రానులకు దారిలోఁ గలుగు నడ్డంకియే దీనికిఁ గారణము. దానికి నిరోధమని పేరు. దానివలనఁ గొంత శక్తి వేఁడిగా మాఱి వ్యర్థమగును. 1911వ సంవత్సరమున హాలండు దేశపు పండితుఁడు కామర్లింగ్ ఓన్స్ పాదరసమును సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు వఱకుఁ జల్లఁబఱుపఁగా, దాని నిరోధము పూర్తిగా మాయమయ్యెను. దీనినే అతివాహకత్వ మందురు. అట్టి చలిలో ఎలక్ట్రానులు జంటలు కట్టి, అన్నియు నొక్క నడకగా సాగునని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను మువ్వురు వివరించిరి.

ఇఁక పొరల మాట. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులోఁ దయారైన లోహములలో నియోబియ మొకటి. అది సెలీనియముతోఁ గలిసినచో పొరల పదార్థ మగును. దానిని సున్నకు దిగువ 240 డిగ్రీలకుఁ జల్లఁబఱచినచో, అందలి ఎలక్ట్రానులు వెదజల్లిన విత్తనములవలె సమముగా నుండక, కందిచేని చాళ్లవలె నొకచోట దట్టముగను, నడుమఁ బలుచగను వరుసలు తీరును. దీనికి ఆవేశ సాంద్రతా తరంగమని పేరు. పొరల పదార్థములలోని యిట్టి వరుసలను విల్సన్, డిసాల్వో, మహాజన్ అనువారు 1975లో సవిస్తరముగఁ బ్రకటించిరి. 266 డిగ్రీలకు దింపఁగా, ఆ వరుసలు నిలిచియుండఁగనే అతివాహకత్వమును గలుగును.

వరుసగా నిలుచుట, జంటగా నడచుట – ఈ రెండును మిత్రములా, ప్రత్యర్థులా? టైటానియము, సెలీనియము కలిసిన పొరలలో వరుసలు మాత్రమే కానవచ్చెడివి. 2006లో అమెరికాలోని ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమువారు ఆ పొరల నడుమఁ గొద్దిపాటి రాగిని జొప్పించిరి. రాగి హెచ్చినకొలఁది వరుసలు సడలెను; అతివాహకత్వము తల యెత్తెను. ఇచ్చట నవి ప్రత్యర్థులవలెఁ గానవచ్చుచున్నవి. నియోబియమునందు మాత్రము కలిసి కాఁపురము చేయుచున్నవి.

ఈ ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే కాదు. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ అనువారు కనుఁగొన్న రాగి ఆక్సైడులును పొరల పదార్థములే. ఆ జాతిలో నొకటి 1987లో సున్నకు దిగువ 180 డిగ్రీలకే అతివాహక మయ్యెను. అట్టివానిలోను ఆవేశ తరంగములు పిదపఁ గనఁబడెను. ఈ రెండింటి పొత్తును దెలిసికొన్నచో, ఇంకను వెచ్చని అతివాహకమునకు దారి దొరకవచ్చునని శాస్త్రజ్ఞుల యాశ.

ఆస్పత్రులలో శరీరము లోపలిభాగములను జూపు ఎం. ఆర్. ఐ. యంత్రములలో అతివాహకపుఁ దీఁగెలు ఇప్పుడే పనిచేయుచున్నవి. వానిని గడుచల్లని హీలియములో నుంచుదురు. మన యెండలో, మన గాలిలో నిరోధము లేక పనిచేయు తీఁగె మాత్ర మింకను లేదు. 2023లో కొరియానుండి యట్టి వార్త వచ్చెను. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు పరీక్షింపఁగా అది నిలువలేదు. కావున నట్టి తీఁగె నెవ్వరైన నమ్మఁజూపినచో, మొదట పరీక్ష నడుగుఁడు; పిదపనే పైకము మాట.