విద్యుద్దీపముతో గ్రుడ్లు పొదిగించు పెట్టె



కద్రువ వేయిమంది కుమారులను, వినత ఇద్దరిని కోరిరి. వారి అండములను పరిచారికలు ఆవిరి వెచ్చదనముగల పాత్రలలో నుంచి 500 సంవత్సరములు కాపాడిరని వ్యాసభారతము ఆదిపర్వమున చెప్పుచున్నది. కద్రువ గ్రుడ్లు పగిలి నాగులు వెలువడిరి. వినత ఓర్వలేక తన గ్రుడ్లలో నొకదానిని చిదిపినది. లోని బిడ్డకు పై సగమే ఏర్పడియుండెను, తొడలు లేవు. ఆ అనూరుడే సూర్యునకు సారథి. రథసప్తమికి అరసవల్లి పోవువారెల్లరు ఎరిగిన కథయే ఇది. కాని ఇందలి సత్యము పెట్టెలో కోడిగ్రుడ్లు పొదిగించినవానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు.

నాటుపెట్ట పొదుగునకు కూర్చున్నచో 21 దినములు లేవదు. ఆపై పిల్లలను త్రిప్పుచు మరికొన్ని వారములు గ్రుడ్డు పెట్టదు. ఆ పని పెట్టె చేసినచో పెట్ట త్వరగా మరల గ్రుడ్లకు వచ్చును. గ్రుడ్ల సొమ్ము, పిల్లల సొమ్ము ఇల్లాలి చేతి సొమ్ము. కావున 20 గ్రుడ్లు మురిగిపోయినచో నష్టము ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

బారువ మొదలగు తీరగ్రామముల నుండి చేపలను మంచులో పెట్టి తెచ్చు థర్మోకోల్ పెట్టె ఇందుకు మిక్కిలి అనువైనది. మంచును కరగనీయని గోడయే వెచ్చదనమును పోనీయదు. దానిలో చిక్కుకొన్న గాలి వేడిని ఇటునటు సాగనీయదు. పెట్టెను బాగుగా కడిగి ఎండబెట్టి, 25 వాట్ల తీగబల్బులు రెండు అమర్చవలెను. ఒకటి మాడినను రెండవది కొంత కాపాడును. ఎల్.ఇ.డి. దీపము ఇచ్చట నిరుపయోగము. తీగబల్బు పుచ్చుకొన్న విద్యుత్తులో నూటికి 90 పాళ్ళకు పైగా వేడియగును. ఇంటి దీపముగా అది దుబారా. పొదుగుపెట్టెలో ఆ దుబారాయే రాబడి.

థర్మోకోల్ వేడికి కరగును, నిప్పంటుకొనును. బల్బు గోడకు తాకరాదు. చుట్టును ఇనుపతీగవల ఉండవలెను. హోల్డరు పింగాణిదై, తీగల అతుకులు పెట్టెకు వెలుపల నుండవలెను. లోపల నీటిపళ్ళెము కూడ ఉండును గనుక స్విచ్చి ఆపక చేయి పెట్టుట ప్రాణాపాయము. 230 వోల్టులు పొరపాటును మన్నింపవు.

వేడి పుట్టించుట తేలిక, నిలుపుట కష్టము. పాత కంప్యూటరులోని చిన్న ఫ్యాను గాలిని త్రిప్పుచున్నచో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు చాలును. ఫ్యాను లేనిచో గ్రుడ్ల పైఅంచు కడ 38కి కొంచెము పైగా నుండవలెను. వేడి మించగనే బల్బులను ఆర్పి, తగ్గగనే వెలిగించుటకు థర్మోస్టాటు కావలెను. ఈజిప్టువారు మట్టికొలుములలో వేలకొలది గ్రుడ్లు పొదిగించుచు, గ్రుడ్డును కనురెప్పకు ఆనించి వేడి తెలిసికొనెడివారు. ఆ నేర్పు లేనివారికి ఉష్ణమాపకమే శరణ్యము. వట్టి పెట్టెను ఒక పగలు, ఒక రాత్రి నడిపి, అంకెలు వ్రాసికొని, నిలకడ కనబడిన పిదపనే గ్రుడ్లు పెట్టవలెను. మహేంద్రగిరి గాలి వీచు పుష్యమాసపు రాత్రి ఈ లెక్క మారును; మరల చూడవలెను.

పెట్టెలోని వెచ్చదనము కోడిపిల్లలకే పరిమితము కాలేదు. పారిస్ నగరమున 1880 ప్రాంతమున టార్నియే అను ప్రసూతి వైద్యుడు జంతుప్రదర్శనశాలలో గ్రుడ్లు పొదిగించు పెట్టెను చూచి, నెలలు నిండని శిశువులకై అట్టిదానిని చేయించెను.

గ్రుడ్డుకు ఒకవైపు గీత, రెండవవైపు సున్న పెన్సిలుతో వ్రాసి, దినమునకు 3 లేక 5 మారులు త్రిప్పవలెను. బేసి సంఖ్య ఏలనన, నిన్న రాత్రి పైకుండిన వైపు నేటి రాత్రి క్రిందికి పోవును. పెంకునకు వేల సూక్ష్మరంధ్రములు కలవు. లోని జీవి వానిగుండ ఊపిరి పీల్చును. అందుచే పెట్టెకు గాలిరంధ్రములు ఉండవలెను. 50 గ్రాముల గ్రుడ్డు 18వ దినమునకు సుమారు 6 గ్రాములు తరుగును. తరుగు మించినచో నీరు చాలలేదని అర్థము.

విద్యుత్తు పోవుట పెద్ద చిక్కు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానమున దీపములు దినముల తరబడి వెలుగలేదు. అంతటి విపత్తునకు ఈ పెట్టె నిలువదు. కొన్ని గంటల కోతకు మాత్రము వేడినీటి సీసాలను గుడ్డలో చుట్టి లోపలనుంచి, పైన దుప్పటి కప్పినచో చాలును. పిండము కొంత చల్లదనమును ఓర్చుకొనును. రెండు మూడు డిగ్రీల అధికమైన వేడిని అంతగా ఓర్వలేదు.

18వ దినము నుండి గ్రుడ్లు త్రిప్పరాదు, నీరు హెచ్చించి మూత వేయవలెను. ఇక తెరవరాదు. అసలు పరీక్ష ఇదియే. పెంకు మీద చిన్న నెఱ్ఱె కనబడును, లోనుండి కీచుమను సద్దు వినబడును, గంటలు గడచినను పిల్ల రాదు. ఒకనాడంతయు పట్టవచ్చును. ఆ విరామమున పిల్ల పొరలోని రక్తనాళములు ఎండుచుండును, మిగిలిన పచ్చసొన కడుపులోనికి పోవుచుండును. జాలిపడి గోటితో పెంకు ఒలిచినచో నెత్తురు కారును. తడియావిరి పోయి తక్కిన గ్రుడ్లలోని పొర కూడ బిగిసి, పిల్లలు లోపలనే అణగిపోవును. ప్రతి కార్తికమున భారతము వినినవారు సైతము మూత తీయుట మానరు!

వెలువడిన పిల్లలు ఒడలు ఆరువరకు పెట్టెలోనే ఉండవచ్చును. లోనికి పోయిన సొన రెండు దినములకు ఆహారము. పిదప వెడల్పైన గంపలో, పైన ఆ తీగబల్బునే వ్రేలాడదీసి, మొదటి వారము 35 డిగ్రీలు ఉంచి, వారమునకు మూడేసి తగ్గించవలెను. ఇచ్చట ఉష్ణమాపకము కంటె పిల్లలే బాగుగా చెప్పును. దీపము క్రింద కుప్పపడినచో చలి. అంచులకు చెదరి నోళ్ళు తెరచినచో వేడి.