పరీక్షనాళికలో పరిణామము
(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు అణువుల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. నేటి విషయమునకు మూలము ప్రతులు వ్రాయుటయే. తాళపత్రములకు ప్రతులు వ్రాసిన లేఖకులు ఒకచో అక్షరము విడిచిరి, ఒకచో మార్చిరి. ఆ మార్పు తరువాతి ప్రతులకు సంక్రమించినది. ఆర్.ఎన్.ఏ. యను అణువు నాలుగక్షరముల గ్రంథము వంటిది. తగిన ఎంజైమును, ముడిసరుకును సమకూర్చినచో పరీక్షనాళికలోనే దానికి ప్రతులు పుట్టును. ఆ ముడిసరుకులలో నొకటి ఏ.టి.పి. దానిని 1929లో గుర్తించిన వారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన స్పీగెల్‌మన్, ఆయన సహచరులు 1967లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. బాక్టీరియాను పట్టి పీడించు ఒక వైరసు ఆర్.ఎన్.ఏ.ను నాళికలో పెంచి, నిన్నటి పెరుగుతో నేటి పాలు తోడువేసినట్లు, కొంత తీసి క్రొత్త నాళికలో వేసిరి. ఇట్లు 74 మార్లు చేసి, నడుమ గడువును తగ్గించుచు పోయిరి. త్వరగా ప్రతియైనదే మిగిలినది. తుదకు ఆ అణువు నిడివిలో నూటికి 83 పాళ్లు పోయినవి. వేగము హెచ్చినది, బాక్టీరియాలో ప్రవేశించి బ్రదుకు శక్తి నశించినది. నాళికలో అనవసరమని జారిపోయినదే వెలుపలి బ్రదుకునకు ఆధారము!

మరి అంతులేక క్రొత్తదనమును గాంచు పరిణామ మెట్లు కలుగును? జపానులో ఇచిహాషి బృందమువారు, తనకు ప్రతి తీయు ఎంజైమునకు కావలసిన సమాచారమును తానే మోయు ఆర్.ఎన్.ఏ.ను నూనెలోని సూక్ష్మ నీటిబిందువులలో పెంచిరి. ఆ సమాచారమును విడిచి, పరుల ఎంజైముతో ప్రతులగు పరాన్నభుక్కులు పుట్టినవి. వానికి లొంగని ఆతిథేయులును, వారిని గెలుచు క్రొత్త పరాన్నభుక్కులును వెలసినవి. పురుగుమందు మార్చగా పురుగు మారుట మన పత్తి రైతు లెరిగినదే. 240 మార్ల పిమ్మట, ఒక్క అణువునుండి ఐదు వంశములు నిలిచినవని 2022లో ప్రకటించిరి: మూడు ఆతిథేయులు, రెండు పరాన్నభుక్కులు. ఇదియు అంతులేని పరిణామము గాదు. ముడిసరుకు నిప్పటికిని మనుష్యుడే పోయుచున్నాడు. అయినను, వేగమొక్కటే పరీక్షయైనచోట జీవము కుంచించుకొనుననియు, పలువురితో పోరు పొత్తులున్నచోట విస్తరించుననియు తెలిసినది.

ఎవరును తీయని పుస్తకములను తూకమున కమ్ముద మను మాట గ్రంథాలయములలో అప్పుడప్పుడు వినవచ్చును. త్వరగా చేతులు మారునవి మాత్రమే చాలునను ముందు, ఆ 83 పాళ్లను జ్ఞాపకముంచుకొన ప్రార్థన. రేపు వెలుపలి లోకమున మన పిల్లలకు ఏ పుట అక్కరకు వచ్చునో నేడు మన మెరుగము.