సూర్యుని జమ - యంత్రపు ఖర్చు



అరణ్యవాసమున ధర్మరాజునకు సూర్యభగవానుడు అక్షయపాత్ర నొసగిన కథ నెరుగనివారుండరు. ఆ పాత్రకును ఒక కట్టడి గలదు. ద్రౌపది భుజించుట ముగియగానే ఆనాటి కది నిండుకొనును. నేటి సౌరఘటమును అట్టి పాత్రయే. అది ఏటేట ఇచ్చుచునే యుండును గాని, ఏనాటి కెంత యిచ్చునో దానికొక మితము గలదు.

1954 ఏప్రిల్ 25వ తేదీన అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన సౌరఘటమును లోకమునకు చూపిరి. చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు దాని నిర్మాతలు. తనపై బడిన వెలుగులో నూటికి సుమారు 6 పాళ్లను అది విద్యుత్తుగా మార్చెను.

దాని నడవడి తెలియుటకు చెరువును ఉపమానముగా గొనవచ్చును. ఎండవలన బుట్టు కరెంటు చెరువులోనికి వచ్చు నీరు, వోల్టేజి నీటిమట్టము, యంత్రమునకు జేరు కరెంటు తూమునుండి పారు నీరు. మట్టము కొంత యెత్తునకు రాగానే మిగులు నీరు అలుగుపై బోవును. ఘటములో అలుగు పని చేయునది డయోడు. కట్టలోని బుంగవంటి దొకటి, కాలువలోని ఇరుకువంటి దొకటి, రెండు నిరోధములు గలవు. ఇంజనీర్లు కాగితముపై గీయు సౌరఘటపు నమూనాలో ప్రధానముగా నుండునవి ఈ నాలుగే.

తూము మూసినచో మట్టము హెచ్చు, పారుదల సున్న. అడ్డు లేక విడిచినచో పారుదల హెచ్చు, మట్టము సున్న. రెంటను పని జరుగదు. మట్టమును పారుదలతో గుణించిన ఫలము నడుమ నొక్కతావున గరిష్ఠమగును. వేడి పెరిగినకొలది అలుగు దిగును. సిలికాను ఘటమున డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. పలకపై వ్రాసిన సామర్థ్యము, ఘటపు వేడి 25 డిగ్రీలును, వెలుగు చదరపు మీటరునకు 1000 వాట్లును ఉన్నప్పటి లెక్క. తెలుగునాట వేసవి మధ్యాహ్నమున ఆ యంకెను నమ్మి ఖర్చు వ్రాసినవాని పద్దు తేలదు.

ఇక ఖర్చు. ప్రయోగశాలలో బలమైన సరఫరాతో నడపిన యంత్రము నిర్దోషముగా గనబడును. దానినే మబ్బునాడు సౌరఘటమునకు గట్టినచో, మేల్కొనునపుడు ఒక్కసారిగా హెచ్చు కరెంటు నడుగవచ్చును. అంతట వోల్టేజి పడును, యంత్ర మాగును. మరల లేవజూచును, మరల బడును. కావున పరీక్షించువారు కరెంటును హద్దులో నుంచి, క్రమముగా తగ్గించుచు, ఎంత స్వల్పముతో నది లేవగలదో చూడవలెను. నిద్రావస్థలోని ఖర్చును మైక్రో ఆంపియర్లలో కొలువవలెను. ఏలయన, ఇట్టి యంత్రములకు పని క్షణకాలము, నిద్ర దినమంతయు. చిల్లర ఖర్చే కొంప ముంచును.

1958 మార్చి 17న అమెరికా పంపిన వేన్‌గార్డు-1 ఉపగ్రహము ఇందుకు నిదర్శనము. అందు రెండు రేడియో ప్రసారిణులుండెను. 10 మిల్లీవాట్లది బ్యాటరీతో నడచి, ఆ జూన్ నెలలోనే మూగవోయెను. 5 మిల్లీవాట్లది సౌరఘటములతో 1964 వరకు పలికెను. దాని యడుగుదల చిన్నది, జమ నిత్యము.

సౌరదీపము కొనువారును, చేయ నేర్చు బాలురును ముందుగా మూడు ప్రశ్న లడుగవలెను. మబ్బునాటి జమ యెంత? మేల్కొనుటకు వలసిన దెంత? నిద్రలో పోవున దెంత? ఈ మూడును సరిపడిననాడు సూర్యుని పాత్ర ఆ యింట అక్షయమగును.