సాంచాలు ఆగిన వేళ ‘దేవదాసు’



ఉగాదినాడు విషాదకథ ఎత్తుకున్నానని కోపగించుకోకండి.

మన టెంఘరులో సాంచాలు నడుస్తుంటే పక్కవాని మాట వినబడదు. కరెంటు పోయినప్పుడే మన పఠనం. 1917లో వంగభాషలో వెలువడిన శరత్‌బాబు ‘దేవదాసు’ను, తెలుగులో, ఆ విధంగానే పదిమందిమి చేరి చదివాము. 1953 నాటి సినిమా చూచినవారు ముందే కన్నీళ్లకు సిద్ధపడి వచ్చారు. మరాఠీ బడిలో చదివిన పిల్లలకు మన అక్షరాలు రావు, వారు విన్నారు.

అర్ధరాత్రి పార్వతి దేవదాసు గదికి వచ్చే ఘట్టం ముగియగానే ఒక పిల్ల, “పెద్దనాయనా, ధైర్యం చేసింది ఆమె, వెనుదీసింది అతడు. మరి పుస్తకానికి అతని పేరెందుకు?” అన్నది.

పెద్దలం తెల్లబోయాము. ఆ పిల్లకు సంబంధాలు చూస్తున్న తండ్రి అక్కడే ఉన్నాడు. ఇంతలో కరెంటు వచ్చింది. ఆయన మాత్రం లేవలేదు.

“ఆ పుట మళ్లీ చదవండి, గట్టిగా” అన్నాడు.